పాత కట్టెలు పలికినంతసేపు

పత్రికవారికి నమస్కారం. నా దస్తూరి బాగుండదు. చదివింది పల్లెటూరి బడిలో, అదీ కొంచెమే. తప్పులుంటే దిద్దుకుని చదవండి. తొండియార్‌పేటలో మా పక్కింటి అన్న పోయిన వారం కాలం చేశారు. పొద్దున కాఫీ తాగి, కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు.

నేను మాటకారిని కాను. ఆయన అడక్కుండానే చేసే మనిషి గనక మా ఇద్దరికీ కుదిరింది.

మా ఆవిడకి చూపు పోయినప్పటి నుంచి ట్రాన్సిస్టరే లోకం. అందులో ఉన్నవి చార్జీ పెట్టుకునే సెల్లులు, మొదట అన్న టార్చిలోవి. ఇక్కడి తమిళంలో సెల్లును కట్టై అంటారు. మా తెలుగిళ్ళలో అది కట్టె అయింది. టార్చి వెలుగు తగ్గిందని ఆయన కొడుకు వాటిని పారెయ్యబోతే అన్న అడ్డం పడ్డారు.

“టార్చికి చాలదు, సరే. రేడియోకి చాలదా? ఈ కట్టె కాలేదాకా ఆ కట్టెలు పారెయ్యను పో!”

అలా ఆ జత మాకొచ్చింది. మాకు చార్జరు లేదు. రేడియో గొంతు తగ్గినప్పుడల్లా ఆయనే సాయంత్రం పట్టుకుపోయి, పొద్దున తెచ్చి, లుంగీ అంచుతో కొనలు తుడిచి వేసేవారు. ఒకటి మాత్రం కొత్తది వేస్తే చాలదా అని అడిగాను.

“జత విడదీస్తే రెండూ చెడతాయి తమ్ముడా. కొనకి తెల్లగా ఉప్పు పూసిన రోజు పారెయ్. అందాకా ఉండనీ.”

“బావా, మీ కట్టెల కన్నా మీ దగ్గే గట్టిగా వినపడతా ఉండాది” అని మా ఆవిడ ఎగతాళి చేసేది.

“రెండూ పాతవే గదమ్మా, పోటీ పడతా ఉండాయి” అనేవారు.

చివరిసారి వేసేటప్పుడు నవ్వలేదు. “చార్జీ నిలవడం లేదమ్మా. ఇంక చాలు. కొత్త జత తెచ్చేస్తా” అన్నారు.

తెచ్చే ఉంచారు. నిన్న వదిన వచ్చి నా చేతిలో పెట్టింది. టి. నగర్‌లో కొన్న జత, అట్ట కూడా చించలేదు. “మీకని తెచ్చి బీరువాలో పెట్టినాడు” అని వెళ్ళిపోయింది.

విప్పబోతే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “ఆయన చేత్తో వేసినవి. తియ్యొద్దు.”

“మార్చమన్నది ఆయనే గదా” అన్నాను.

“అన్నాడులే. పలికినంతసేపు పలకనీ.”

వెనక మూత తీసి చూశాను. ఉప్పు పూయలేదు. ఆయన మాట వినాలంటే ఆయన వేసినవి తీసెయ్యాలి. నాకు తోచడం లేదు. కొత్త జత కిటికీలో అలాగే ఉంది. రేడియో గొంతు సన్నబడుతోంది. నిన్న ఒళ్ళో పెట్టుకుని విన్న మనిషి ఇవాళ చెవికి ఆనించుకుని వింటోంది. ఏం చెయ్యమంటారో తొందరగా ఒక కార్డుముక్క రాయండి, అది ఆగిపోయేలోపు.