గొళ్ళేనికి కట్టిన తువ్వాలు: గాజువాకలో ఇల్లు వెతుక్కున్న రోజు

వైజాగ్‌లో ఒంటరిగా అద్దె ఇల్లు వెతుక్కోబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బీచ్ గురించి, కొండల గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళవి చదువుకోండి. నాది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక పగలంతా సిటీ బస్సుల్లో తిరిగిన అనుభవం. మా ఆవిడ సుభద్ర పోయిన ఏడాదికి భీమవరంలో ఇల్లు ఖాళీ చేసేసి, వైజాగ్ ఓడరేవు దగ్గర లారీలు తూచే కాటా మీద ఉద్యోగంలో చేరాను. రాత్రి డ్యూటీ కావాలని నేనే అడిగాను. అందరూ వద్దు బాబోయ్ అనేదాన్ని నేను కావాలనేసరికి సూపర్వైజరు నన్ను ఎగాదిగా చూశాడు. రాత్రిపూట పక్క ఖాళీగా కనబడుతుంటే నిద్ర పట్టట్లేదని ఆయనకేం చెప్తాం?

తీరా చేరాక పగటి నిద్ర కూడా పోయింది. నా మకాం పూర్ణా మార్కెట్ వెనక సందులో ఓ లాడ్జి గది. నేను డ్యూటీ దిగి వచ్చి నడుం వాల్చే వేళకే కింద బస్తాలు దింపే హమాలీల కేకలు, రిక్షాల గంటలు, బేరాలు మొదలయ్యేవి. చెవుల్లో దూది పెట్టుకున్నా లాభం లేకపోయింది. నెల తిరిగేసరికి కాటా మీద అంకెలు రెండేసి కనబడసాగాయి. ఓసారి ఒక లారీ బరువు తప్పు రాయబోతే డ్రైవరే చూసి ఆపాడు. ఇంకోసారి ఇలాగైతే ఇంటికి పంపించేస్తారని నాకు తెలుసు. ఇల్లంటూ ఉంటే కదా పంపడానికి! పగలు నాలుగు గంటలు కన్ను మూసుకునే చోటు దొరక్కపోతే ఈ ఉద్యోగమూ దక్కదు, ఈ ఊరూ దక్కదు.

అందుకని ఓ రోజు డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, ఇడ్లీ తిని ఏడున్నరకల్లా బయల్దేరాను. ముందు వన్ టౌన్ సందులే తిరిగాను. ఒక సందులో మసీదు, దాని వెనక చర్చి, ఆ పక్కన బట్టల వ్యాపారం చేసే మార్వాడీల మేడలు, వాటి మధ్య మనవాళ్ళ పెంకుటిళ్ళు. అన్ని రకాల మనుషులూ ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఉన్నారు. నాకు భలే నచ్చింది. అయితే అక్కడ అడిగిన మూడిళ్ళలోనూ ఒకటే మాట, ఫ్యామిలీకైతేనే ఇస్తామని.

తొమ్మిదింటికి జగదాంబ దగ్గర సింహాచలం బస్సెక్కాను. టికెట్టు అయిదారు రూపాయలు, గంట లోపు ప్రయాణం. కొండ కింద ఇళ్ళు చల్లగా, వీధులు శుభ్రంగా, సంపెంగల వాసనతో ఉంటాయి. నామాలు పెట్టుకున్న ఒక పెద్దాయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మరీ అడిగారు.

"ఎంతమంది ఉంటారు నాయనా?"

"ఒక్కణ్ణేనండి."

"బ్యాచిలర్లకి ఇవ్వడం లేదు నాయనా. ఏమీ అనుకోవద్దు."

ఆయన మర్యాదగానే అన్నారు. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసినవాణ్ణి, బ్యాచిలర్ ఏవిటండీ? నా భార్య చచ్చిపోయిందండీ అని ఆ అరుగు మీద అరవాలనిపించింది. వస్తానండి అని దణ్ణం పెట్టి లేచాను. బస్టాపు దాకా నడుస్తూ ఏడ్చాను. ఎవరూ పట్టించుకోలేదు. కొత్త ఊళ్ళో అదొక సుఖం, అదే నరకం కూడా.

అక్కణ్ణుంచి గోపాలపట్నం మీదుగా ఎన్.ఏ.డి. కొత్తరోడ్డుకి ఒక బస్సు, అక్కణ్ణుంచి గాజువాకకి షేర్ ఆటో. ఆటోలో వెనక నలుగురం, డ్రైవరుకి చెరో పక్కా ఒకరు. ఇల్లు వెతుకుతున్నానని చెబితే డ్రైవరు వెనక్కి తిరిగి మరీ మాట్లాడాడు.

"ఏ ఊరు బావా మీది? గోదారేటి?"

"భీమవరం. నువ్వు ముందు రోడ్డు చూడవయ్యా!"

"రోడ్డు నాకు తెల్దేటి! మార్కెట్ దాటినాక దిగీ. ఆ సందుల్నిండా డ్యూటీలకెల్లేవోళ్ళే ఉంతారు. నీలాటోళ్ళకి అక్కడే దొరుకుద్ది."

నీలాటోళ్ళంటే ఎలాంటివాళ్ళో నేను అడగలేదు. దిగి సందులోకి నడిచేసరికి పన్నెండు దాటింది. రెండు వైపులా వరస ఇళ్ళు, ఒక్కో వరసలో అయిదారు వాటాలు. ఒక వాటాలో ఆవనూనె వాసన, పక్కదాంట్లో కొబ్బరినూనె వాసన, ఆ పక్కన చేపల పులుసు. ఒరియా వాళ్ళు, మలయాళీలు, శ్రీకాకుళం వాళ్ళు, మా గోదావరి వాళ్ళు కలిసి ఉన్నారని ముక్కుతోనే తెలిసిపోయింది. వింతేమిటంటే ఇంతమంది ఉన్న సందులో చప్పుడు లేదు. చేపల తట్ట నెత్తిన పెట్టుకున్న మనిషి కూడా నోరు మూసుకుని నడుస్తోంది.

ఒక గోడ మీద సుద్దతో "టు లెట్" అని రాసి ఉంది. మొదటి వాటా తలుపు గొళ్ళేనికి ఎర్ర గళ్ళ తువ్వాలు కట్టి ఉంది. ఆరేశారు కాబోలనుకుని, దాన్ని పక్కకి తోసి గొళ్ళెం గట్టిగా కొట్టాను.

"ఓలమ్మో! తలుపు కొట్టీసినాడే!" అని ఎదురింటి అరుగు మీద నుంచి ఒక పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. ఈలోగా తలుపు తెరుచుకుంది. ఎర్రటి కళ్ళతో, లుంగీ సర్దుకుంటూ ఒక కుర్రాడు.

"ఏటి బావా! తువ్వాలు కనపడ్నేదేటి? పొద్దున వొచ్చి తొంగున్నాను. కళ్ళు మూతపడి గంటవనేదు!"

నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దావిడే విడమరిచి చెప్పింది. ఆవిడ పేరు అప్పలనర్సమ్మ, ఆ వరసంతా ఆవిడదే. కుర్రాడు రమణ, స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు పడుకున్నాక ఇంట్లోవాళ్ళు గొళ్ళేనికి తువ్వాలు కడతారు. అది ఉన్నంతసేపూ ఆ తలుపు ఎవరూ కొట్టరు, దాని ముందు ఎవరూ కేకలెయ్యరు. లేచాక విప్పేస్తారు.

"క్షమించు బాబూ. నాదీ రాత్రి డ్యూటీయే," అన్నాను.

"మరి నీకు తెలాలి గదేటి!" అన్నాడు రమణ. కోపం సగం దిగింది. ఆవులించి తలుపేసుకున్నాడు. అప్పలనర్సమ్మ జారిన తువ్వాలు మళ్ళీ ముడేసి, నన్ను పక్కకి తీసుకెళ్ళింది.

"ఎంతమందుంతారు?"

మళ్ళీ అదే ప్రశ్న. "ఒక్కణ్ణేనండి. మా ఆవిడ పోయింది. ఇవ్వనంటే ఇప్పుడే చెప్పేయండి, వెళ్ళిపోతాను," అన్నాను కాస్త పెడసరంగానే. నిద్ర లేదు, మధ్యాహ్నం తిండి లేదు, ఓపిక మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆవిడ ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. "మరి నీకు తువ్వాలెవులు కడతారు?" అంది.

"నేనే కట్టుకుని లోపలికి పోతానండి," అన్నాను. ఆవిడ "సరేలే" అని తాళం తెచ్చింది. ఒక గది, ఒక వంటిల్లు, వెనక బాత్రూము. అద్దె ఆ రోజుల్లో ఎనిమిది వందలు, ఒక నెల అడ్వాన్సు.

రెండ్రోజుల్లో పెట్టె తెచ్చుకున్నాను. ఇకనుంచీ అంతా హాయి అని రాస్తే అబద్ధం అవుతుంది. రోజూ పొద్దున్నే నా తువ్వాలు నేనే కట్టుకుని, నా తలుపు నేనే వేసుకుని, సాయంత్రం లేచి నేనే విప్పుకునేవాణ్ణి. నిద్ర మాత్రం పట్టేది. మెలకువగా ఉన్నప్పుడే కష్టం. వాటాల్లో పలకరిస్తే పలికేవాళ్ళు గానీ ఎవరి డ్యూటీలు వాళ్ళవి. గోడ అవతల రమణ, వాళ్ళావిడ నవ్వుకుంటుంటే నేను రేడియో పెట్టుకునేవాణ్ణి.

వానాకాలంలో ఓ రోజు ఒళ్ళు కాలిపోయే జ్వరంతో వచ్చి, తువ్వాలు సంగతి మర్చిపోయి మంచం మీద పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి సాయంత్రం. మధ్యలో ఒక్క చప్పుడూ లేదు. కంగారుగా తలుపు తీశాను. గొళ్ళేనికి తువ్వాలు ఉంది. అది నాది కాదు. పచ్చంచు తువ్వాలు, ఎవరిదో ఆనవాలు పట్టలేకపోయాను.

ఎదురు అరుగు మీద అప్పలనర్సమ్మ బియ్యం ఏరుకుంటోంది. "ఇది ఎవరిదండీ?" అని అడిగాను.

"ఎవుల్దయితే నీకేటి?" అంది తలెత్తకుండానే. తరవాత తలెత్తింది. "నిద్దరట్టిందా బాబూ?"

సుభద్ర పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "పట్టిందండి," అన్నాను. తువ్వాలు విప్పి, చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాను.

ఆ వాటాలో ఆరేళ్ళున్నాను. ఒంటరితనం పోలేదు, అది పోయే రకం కాదు. కానీ నేను ఫలానా తలుపు వెనక పడుకుని ఉన్నానని ఆ సందుకి తెలుసు. కొత్త ఊళ్ళో మనిషికి అంతకన్నా ఏం కావాలో నాకైతే తెలీదు. ఆ పచ్చంచు తువ్వాలు ఎవరిదో మాత్రం చివరిదాకా ఎవరూ చెప్పలేదు. అందుకని దాన్ని ఉతికి నా గుమ్మం పక్క మేకుకి తగిలించాను. రమణ వాళ్ళావిడ పురిటికి వెళ్ళిన మూడు నెలలూ అతని గొళ్ళేనికి దాన్ని నేనే కట్టాను.

చివరగా ఒక్క సలహా. గాజువాక వైపు ఇల్లు వెతుక్కోడానికి వెళ్ళేవాళ్ళు ఇద్దరు మనుషులున్నారని అబద్ధం చెప్పకండి, ఒక్కరే అని చెప్పండి. సంచిలో తువ్వాళ్ళు మాత్రం రెండు పెట్టుకోండి.