టైలరు గారి మాట కోసం

తాడేపల్లిగూడెంలో మా పక్కింటి టైలరు గారు పోయి ఇరవై రోజులైంది. గుండెపోటు. ఆ సమయంలో ఆయన ఫోన్లో ఉన్నారు. అవతల ఉన్నది నేను.

ఆయనకు చిన్నప్పటి నుంచీ నత్తి. దాన్నెప్పుడూ దాచుకోలేదు. కొలతలు చెబుతూ మాట అడ్డుపడితే, టేపు మెళ్ళో వేసుకుని అది వచ్చేదాకా నింపాదిగా నిలబడేవారు. యాభై దాటాక గొంతు కూడా మారింది. ఎవరో పీక నొక్కుతున్నట్టు మాట నలిగి, తెగి తెగి వచ్చేది. ఏలూరులో చూపిస్తే నత్తే ముదిరిందన్నారు, కంగారు తగ్గించుకోమన్నారు. రెండేళ్ళు ఆయన అదే నమ్మి, తప్పు తనదేనన్నట్టు మాట్లాడడం తగ్గించేశారు. పండక్కి వచ్చిన చుట్టాల మధ్య కూడా నవ్వి ఊరుకునేవారు.

చివరికి విజయవాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ ఏమడిగినా, ఆయన నోరు విప్పేలోగా నేను జవాబు చెప్పేస్తున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"బా... బాబూ, మీరు తొందరపడకండి. న... నా మాట నన్ను చెప్పనివ్వండి. కాస్త ఆగితే వస్తుందండీ."

వచ్చింది. డాక్టరమ్మ కూడా ఆగారు. ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి చూసి, "నత్తి వేరు, ఇది వేరండీ. మాట్లాడేటప్పుడు గొంతు కండరాలు వాటంతటవే బిగుసుకుంటున్నాయి. మీ తప్పేం లేదు" అన్నారు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

దానికి వైద్యం, మెడ మీంచి లోపలికి సూది గుచ్చి చేసే ఇంజెక్షను. తర్వాత రెండు వారాలు గుసగుసే. మంచినీళ్ళు కూడా పొలమారేవి. ఆపైన మూడు నెలలు గొంతు విచ్చుకునేది. మళ్ళీ బిగిసేది, మళ్ళీ విజయవాడ. నత్తి మాత్రం అలాగే ఉంది. "అది నాతో పు... పుట్టిందండీ. దాంతో నాకు పేచీ లేదు" అనేవారు.

ఎవరి మాటా మధ్యలో అందుకోకుండా ఆగడం నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఆ రోజు నేను ఉంగుటూరు ఆఫీసులో ఉండగా ఫోను చేశారు. "బా..." అన్నారు. తర్వాత ఊపిరి, ఏదో నలిగిన శబ్దం. ఇంజెక్షను పట్టు సడలే రోజులవి, గొంతే బిగిసిందనుకున్నాను. "ఉన్నానండీ, నింపాదిగా చెప్పండి" అన్నాను. మళ్ళీ అన్నాను. ఎంతసేపు ఆగానో తెలియదు. వెంటనే పక్కవాళ్ళెవరికైనా ఫోను చేసి పంపవలసింది.

నత్తి ఉన్నవాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగండని ఇది చదివే మీకు రాద్దామని కూర్చున్నాను. అది నిజమే. అయినా చెయ్యి సాగడం లేదు.

మొన్న వెళ్ళి ఇదంతా ఆయన భార్యకు చెప్పేశాను. భర్త పోయాక పాటించే గడువులో ఉన్నారు కనుక, ఆవిడ తలుపు తెర వెనక నుంచే విన్నారు.

"నేను బజారు నుంచి వచ్చేసరికి కుర్చీలో ఒరిగి ఉన్నారు బాబూ. ఫోను చెవి దగ్గరే ఉందండీ. మీరింకా 'ఉన్నానండీ, ఉన్నానండీ' అంటున్నారు. ఆయన విన్నారో లేదో మరి."

ఓదార్చారో నిలదీశారో నాకు తెలియలేదు. తెర కింద ఆవిడ పాదాలు కనిపిస్తున్నాయి. మాట అయిపోయినా అవి అక్కడి నుంచి కదల్లేదు. నేనూ కదల్లేదు.