రోజుకి పద్నాలుగు వెరీ గుడ్‌లు

నవ్వేది తర్వాత నవ్వుకోండి, ముందు నా కోపం వినండి. ఐదు వారాలపాటు ఒక రేడియో పెట్టె నన్ను వెర్రివాణ్ణి చేసింది. అది కూడా వీధి వీధంతా వినేటట్టు!

మాది కోసపాళయం, ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. ముందు గదిలో నా కుట్టు మిషన్, వెనక గదిలో సంసారం. కరోనా అని అన్నీ మూసేశాక పెళ్లిళ్లు లేవు, జాకెట్లు లేవు. పొద్దున లేస్తే మాస్కులే మాస్కులు. ఆ చెవి తాళ్లు కుట్టీ కుట్టీ, మనిషి ఎదురొస్తే నాకు ముందు చెవులే కనబడేవి.

మా దేవి ఐదో క్లాసు. ఎదురింటి తులసక్క మనవడికి సెల్‌ఫోన్‌లో ఆన్‌లైన్ క్లాసు. మా ఇంట్లో ఉన్నది బటన్ ఫోను, అందులో పాఠం రాదు, రాంగ్ నంబర్లు వస్తాయి. నెల తిరిగేసరికి పిల్ల పుస్తకం మొహం చూడ్డం మానేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిదో క్లాసులో బడి మానేసి మిషన్ ఎక్కినవాణ్ణి నేను. ఇదీ నాలాగే ఆగిపోతుందేమోనని ఒకటే భయం. నాకు భయమేస్తే కోపమొస్తుంది, ఏం చేయమంటారు!

అప్పుడు టీచరమ్మ ఫోన్ చేసి, రోజూ పదకొండింటికి రేడియోలో పాఠాలు వస్తాయి, పిల్లకి వినిపించండి అంది. అటక మీదున్న మా నాయన రేడియో దింపాను. దుమ్ము దులిపి, కొత్త బ్యాటరీలు వేసి ఇల్లంతా తిప్పితే, చివరికి వెనక కిటికీ దగ్గర సరిగ్గా పలికింది. దేవిని అక్కడ కూర్చోబెట్టి, సౌండ్ ఫుల్లుగా పెట్టి, నేను ముందు గదిలో మిషన్ తొక్కుతూ ఒక చెవి అటు వేశాను.

రేడియో సారు తమిళంలో ఒక ప్రశ్న అడుగుతాడు. "చెప్పండి పిల్లలూ!" అని కాసేపు ఆగుతాడు. ఆ గ్యాప్‌లో మా దేవి ఏదో అంటుంది. నా మిషన్ చప్పుడులో అది నాకు వినబడదు. ఆ వెంటనే సారు గొంతు మాత్రం ఖంగుమంటుంది. "రొంబ సరి! వెరీ గుడ్!"

మొదటి రోజే పద్నాలుగు వెరీ గుడ్‌లు! నేను లెక్కపెట్టాను.

మా ఆవిడ కస్తూరికి మొదట్నించీ అనుమానమే. "ఏందబ్బా, ఒక్కటీ తప్పు పోదా? బళ్లో ఎప్పుడూ ఇన్ని రాలేదే!"

"కన్నబిడ్డ పైకొస్తే ఓర్వలేవే నువ్వు!" అని ఎగిరిపడ్డాను. అంతటితో ఊరుకున్నానా? వీధిలోకి పోయి, "తులసక్కా, మీ సెల్‌ఫోన్ మీవాణ్ణి వెరీ గుడ్ అంటాదా? మా రేడియో రోజుకి పద్నాలుగు సార్లు అంటాది!" అని అరిచి మరీ చెప్పాను.

మొన్న గురువారం టీచరమ్మ మాస్కు పెట్టుకుని, చేతిలో నోటు పుస్తకంతో మా మెట్ల దగ్గరికి వచ్చింది. వెనకబడ్డ పిల్లల పేర్లు రాసుకుంటోందట, వాళ్లకి సాయంత్రాలు విడిగా పాఠం చెప్తుందట. దేవిని నాలుగు ప్రశ్నలు అడిగింది. అది నాలుగింటికీ నేల చూసింది. టీచరమ్మ పెన్ను తీసి పేరు రాయబోయింది.

ఇంక చూడండి నన్ను! "ఆపమ్మా! ఎవుర్ని వెనకబడిందంటాండావు? రోజూ రేడియోలో సారు వెరీ గుడ్ అంటాండాడు. ఆయనకంటే నీకు ఎక్కువ తెలుసా?"

"మునుసామన్నా, ఆ రేడియోకి మన పిల్ల మాట యాడ వినబడతాది?" అంది టీచరమ్మ మెల్లగా.

నా కోపానికి అది చెవిలో దూరలేదు. గడియారం చూస్తే సరిగ్గా పదకొండు. "నీ చెవులతో నువ్వే విను!" అని పోయి రేడియో తెచ్చి, మెట్ల మీద పెట్టి తిప్పాను. గరగరమన్నా, మాట తెలుస్తోంది. తులసక్క కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రానీ, చూడనీ అనుకున్నాను.

రేడియో సారు అడిగాడు, ఆరెనిమిదులెంత అని. "చెప్పండి పిల్లలూ!"

దేవి నా మొహం చూసింది. "రోజూ ఏం చెప్తావో అదే చెప్పు!" అని గర్జించాను.

అది గొంతు సవరించుకుని చెప్పింది. "కొత్తు పరోటా."

"రొంబ సరి! వెరీ గుడ్!" అంది రేడియో.

తులసక్క నవ్వు వీధి చివరిదాకా వినబడింది. టీచరమ్మ మాస్కు ఊగిపోతోంది. ఆ మాస్కు నేను కుట్టిందే! నాకు రేడియోని నేలకేసి కొడదామన్నంత కోపం వచ్చింది. "ఏందే ఇది?" అని దేవి మీదికి పోయాను.

దానికి కళ్లనీళ్లు తిరిగాయి. "మొదట బాగానే చెప్పినా నాయినా. ఒకనాడు తప్పు చెప్పినా, వెరీ గుడ్ అన్నాడు. ఇంకోనాడు నాకు అర్థం కాలేదు సార్ అన్నా, దానికీ వెరీ గుడ్ అనేసి పోయినాడు. నీకు చెప్దామంటే నువ్వు మిషన్ ఆపవు. అప్పుట్నించి నాకు తినాలని ఏముంటే అది చెప్తాండా. కొట్లన్నీ మూసేసినారు కదా."

అర్థం కాలేదని పిల్ల అన్నప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నాను, వెరీ గుడ్‌లు లెక్కపెట్టుకుంటూ. సిగ్గేసింది. "రాసుకోమ్మా, పేరు పెద్దగా రాసుకో," అన్నాను టీచరమ్మతో.

మర్నాడు పదకొండింటికి మిషన్ ఆపేసి, దేవి పక్కన చాప మీద కూర్చుని రేడియోని ఉరిమి చూశాను. పిల్ల తప్పు చెప్పినప్పుడల్లా సారు కంటే ముందే "తప్పు!" అని అరిచాను. నాకూ తెలియనివి రెండు వచ్చాయి. వాటికి ఇద్దరం గమ్మున ఉన్నాం, దానికీ వెరీ గుడ్ అన్నాడు మహానుభావుడు!

చివర్లో సారు ఒక పొడుపు కథ వేశాడు. పెద్ద పెద్ద చెవులుంటాయి, పొద్దస్తమానం బరువు మోస్తుంది, కోపమొస్తే ముందూ వెనకా చూడకుండా తంతుంది, ఎవరది? "చెప్పండి పిల్లలూ!"

దేవి చేత్తో నోరు మూసుకుంది. పొయ్యి దగ్గర కస్తూరికి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది.

"తెలిస్తే చెప్పు, భయమెందుకు?" అన్నాను.

"మా నాయిన!" అంది దేవి.

"రొంబ సరి! వెరీ గుడ్!"

ఐదు వారాల్లో ఆ రేడియో మా పిల్ల మాట చెవిన వేసుకుని, ఆలోచించి చెప్పిన వెరీ గుడ్ ఆ ఒక్కటే!