మూల చూసే మనిషి

ఏ ఫొటో చేతికిచ్చినా ఆయన ముందు మూలలే చూసేవాడు. ఫిల్మ్ నగర్‌లో కెమెరాలు కిరాయికిచ్చే షాపులో లెన్సులు బాగుచేసే పెద్దాయన. ఊరంతా ఐటీ భవనాలు లేస్తున్న రోజులవి. బిల్డర్ల బ్రోచర్లకు ఫొటోలు తీసే నాకు, ఎత్తయిన గోడలు వెనక్కి వాలకుండా నిటారుగా చూపే వైడ్ టిల్ట్-షిఫ్ట్ లెన్స్ కావాల్సి వచ్చింది.

ఆయన రెండు ముందు పెట్టాడు. ఒకటి కొత్తది, ఒకటి రంగు ఊడిన పాతది. గోడకు అంటించిన న్యూస్‌పేపర్‌ను రెండింటితోనూ ఫొటో తీశాడు. కంప్యూటర్‌లో నేను మధ్యలోని హెడ్డింగు చూస్తుంటే నా చెయ్యి పక్కకు నెట్టాడు.

“నడుమ ఏ లెన్సైనా మంచిగనే చూపిస్తది తమ్మీ. మూలకు చూడు.”

మూలన కొత్తదాంట్లో అక్షరాలు అలుక్కుపోయాయి. పాతదాంట్లో పెళ్లి ప్రకటనలు కూడా చదవగలిగాను. పాతదే తీసుకెళ్లాను.

దాంతో షేక్‌పేటలో ఒక అద్దాల భవనాన్ని ఫొటో తీసి చూపించాను. ఆయన చూపు కింది మూలలోని పాత ఇళ్ల మీద ఆగింది.

“గిది మా ఇల్లే! దండెం మీద మా ఇంటామె చీర. అంచు గూడ కనిపిస్తున్నది సూడు,” అని నవ్వాడు. బ్రోచర్ అచ్చయ్యాక ఒకటి తెచ్చిమ్మన్నాడు.

తెచ్చిచ్చాను. బిల్డర్ ఫొటోలో ఆ ఇళ్లు చెరిపించి చెట్లు పెట్టించాడని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆయన భూతద్దం తీసి నేరుగా మూలకే పోయాడు. చాలాసేపు అక్కడే ఉంచి, మెల్లగా మధ్యకు జరిపాడు.

“నడుమ మంచిగొచ్చింది తమ్మీ,” అన్నాడు.