అన్న బరువంత బెల్లం

రెండో విడత కరోనాలో మా అన్న సూరత్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, బతికి బయటపడితే అతని బరువంత బెల్లం ఇస్తానని వదిన వనదేవతలకు మొక్కుకుంది. ఇంటికి వచ్చాక చాలా రోజులు మంచం మీదే ఉన్నాడు. లేచి తిరుగుతున్నాడని సూరత్‌లోనే మేముండే సలాబత్‌పురాలో బెల్లం దుకాణానికి తీసుకెళ్లి కాంటా ఎక్కించాం. డెబ్బై కిలోలు. జబ్బుకు ముందూ అంతే.

"చూసినవా మరిదీ, తల్లి పావుకిల సుత తక్కువ చేయలే! సోమారం సాంచల మీదికి పోవచ్చు" అంది వదిన. అన్న పనిచేసే మరమగ్గాల సేటు, సాంచల మీదికి ఎప్పుడొస్తాడని రోజూ ఫోన్ చేస్తున్నాడు. భజన మండలిలో పురాణం చెప్పేవాణ్ణి, నేనూ చేతులు జోడించాను.

డెబ్బై కిలోల బెల్లం కొని తెచ్చాక, ఇంటి దగ్గర అన్న పది కిలోల బెల్లం ముద్ద ఒకటి ఎత్తుకొని, నాలుగు మెట్లెక్కి కూలబడ్డాడు. నూలు చుట్టిన బీములు భుజాన మోసిన మనిషి.

"ఏందయ్యా, గింతకేనా?" అంది వదిన.

"గంజివెట్టిన బట్టలెక్క ఉన్ననే. కాంటాకు సరిపోయిన, ఉతికితే తెలుస్తది."

చొక్కా విప్పితే మొలతాడు పొట్టలోకి కోసుకుపోయి ఉంది. చేతులు నూలు చుట్టే కండెల్లా సన్నబడ్డాయి. ఒంటిని తొమ్మిది వాకిళ్ల ఊరని ఎన్నోసార్లు చెప్పాను గానీ, ఆ ఊళ్లో ఎవరుంటున్నారో ఎప్పుడూ అడగలేదు. బరువు అదే అయితే చేతుల్లోంచి పోయిందేమిటి, పొట్టలోకి వచ్చిందేమిటి?

గల్లీ డాక్టర్‌ను అడిగాను. పడుకున్నన్నాళ్లూ కండ కరిగిందనీ, కొవ్వు పెరిగిందనీ, కాంటాకు రెండూ ఒకటేననీ చెప్పాడు. పప్పూ గుడ్లూ తినాలి, కొద్దికొద్దిగా బరువులెత్తాలి, అప్పటిదాకా సాంచల జోలికి పోవద్దన్నాడు.

వదినకు కొత్త భయం పట్టుకుంది. "పురాణాలు చదివినవ్ గదా, చెప్పు. మొక్కు ఆపితే తల్లికి కోపమొస్తదా?"

"మొక్కింది ఎవరి కోసం వదినా?"

"మీ అన్న కోసం."

"అన్న ఇంకా పూరాగ రాలే. వచ్చినంక ఇద్దాం."

బెల్లం మా గదిలోనే ఉండిపోయింది. డాక్టర్ చెప్పిన బరువులు అన్నకు అవే అయ్యాయి. రోజూ ఒక ముద్దను డాబా మీదికి తీసుకెళ్లి దించేవాడు. మొదట చిన్నవి, తర్వాత పెద్దవి. చీమల మొక్కు మాత్రం ముందే చెల్లింది.

చలికాలంలో ఒకనాడు పది కిలోల ముద్దలు చేతికొకటి పట్టుకొని ఆగకుండా ఎక్కాడు. మళ్లీ దుకాణానికి వెళ్లి తూయించాం. డెబ్బై కిలోలే. నేను నోరు తెరిచి చూస్తుంటే అన్న నవ్వాడు. వదిన ఈసారి కాంటా వైపు చూడలేదు. ఇంటికి వచ్చి, మొగుడి మొలతాడు కింద వేళ్లు దూర్చి చూసింది.

"రెండు వేళ్లు వడుతున్నయ్ మరిదీ. ఇగ బెల్లానికి పసుపు రాయి."