మూడేళ్ళ వీసా

మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో మేం అద్దెకున్న యూనిట్‌ వెనక ఒక చెక్క కంచె ఉండేది. కంచెకి అవతలి పాత ఇంట్లో నలుగురైదుగురు అఫ్గాన్ మగవాళ్ళు కలిసి ఉండేవాళ్ళు. వాళ్ళందరిలో పెద్దాయన తన దేశంలో లెక్కల మాస్టారు. తాలిబాన్లు వేటాడే హజారా జాతివాడు. తాలిబాన్లు బడి మూయించి, తమ్ముణ్ణి ఎత్తుకుపోయాక, భార్యనీ ఇద్దరు కూతుళ్ళనీ పాకిస్తాన్‌లోని క్వెట్టాకి చేర్చి, తాను పడవెక్కి ఆస్ట్రేలియా వచ్చాడు. ఇక్కడివాళ్ళు ఆయన్ని ఎడారిలో ముళ్ళకంచె వెనక నిర్బంధ శిబిరంలో చాలా నెలలు పెట్టారు. ఆ తర్వాత, నువ్వు చెప్పిందంతా నిజమే, నువ్వు శరణార్థివే అని ఒప్పుకున్నారు. ఒప్పుకొని మూడేళ్ళ వీసా చేతిలో పెట్టారు.

నేను రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి ఆగిపోతాయన్న వైటూకే భయం పుణ్యమా అని వచ్చినదాన్ని. కర్నూలులో పుట్టి, హైదరాబాదులో కోబాల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, శాశ్వత వీసాతో మా ఆయనతో కలిసి మెల్‌బోర్న్‌లో దిగాను. ఇన్సూరెన్స్ ఆఫీసులో పాత ప్రోగ్రాముల్లోని తేదీలు సరిచేయడం నా పని. కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగిపోలేదు, అందరూ కేక్ కోసుకున్నారు. నా ఉద్యోగం అలాగే ఉంది.

ఒక ఆదివారం నేను బట్టలు ఆరేస్తూ కర్నూలు స్నేహితురాలితో ఫోన్లో ఉర్దూలో మాట్లాడుతుంటే, ఆయన కంచె మీదుగా తల ఎత్తి సలాం చెప్పాడు. క్వెట్టాలో ఉన్నప్పుడు ఆయనకి ఉర్దూ వచ్చింది. నన్ను బాజీ అన్నాడు. వయసులో నాకంటే చాలా పెద్దవాడు అక్కా అని పిలిస్తే నవ్వొచ్చింది. నేను మాస్టర్‌సాబ్ అనడం మొదలుపెట్టాను.

“మీవాళ్ళెప్పుడొస్తారు మాస్టర్‌సాబ్?” అని అడిగాను, మామూలుగా ఎవరినైనా అడిగినట్టే.

“రారు బాజీ. ఈ వీసాకి భార్యాపిల్లల్ని పిలిపించుకునే హక్కు లేదు.”

“అయితే మీరే ఒకసారి వెళ్ళి చూసి రండి.”

“వెళితే మళ్ళీ రానివ్వరు.”

నేను నమ్మలేదు. ఈయనకి ఇంగ్లీషు రాక ఏదో తప్పుగా అర్థం చేసుకున్నాడనుకున్నాను. సోమవారం ఆఫీసునుంచి ఇమిగ్రేషన్‌వాళ్ళకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, ఒక్కో మాటా విడదీసి, ఆయన చెప్పిందే చెప్పింది. ప్రభుత్వం నడిపే ఉచిత ఇంగ్లీషు క్లాసులకి కూడా ఆయన అర్హుడు కాదని అదనంగా చెప్పింది. “ఎనీథింగ్ ఎల్స్ ఐ కెన్ హెల్ప్ యూ విత్?” అంది. ఫోన్ పెట్టేశాక నా చెవులు వేడెక్కిపోయాయి. ఒక మనిషిని నిజంగా ఆపదలో ఉన్నవాడని ఒప్పుకున్నాక, అదే ఆపదలో ఉన్న అతని పిల్లలు మాత్రం రాకూడదనడం ఏం చట్టం? దాన్ని రాసినవాళ్ళకి పిల్లలు లేరా?

అప్పట్నుంచి శనివారం మధ్యాహ్నాలు మా వంటింటి బల్ల దగ్గర ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చలిగదుల్లో కోసి కోసి వేళ్ళు బిగుసుకుపోయి పెన్సిల్ సరిగా పట్టలేకపోయేవాడు. అయినా ఒక్క శనివారం మానలేదు. పక్క గదిలో మా ఆయన రేడియో పెట్టుకునేవాడు. అందులో జనం ఫోన్లు చేసి పడవల మీద వచ్చేవాళ్ళని తిట్టేవాళ్ళు. దొంగలు, రోగాలు మోసుకొచ్చేవాళ్ళు, క్యూ తప్పించి దూరేవాళ్ళు.

“ఏమంటున్నారు బాజీ?” అని ఒకసారి అడిగాడు.

“వాన పడుతుందంటున్నారు.”

ఆయన నవ్వాడు. “క్యూ అనే మాట నాకు వచ్చు బాజీ. ఫ్యాక్టరీలో రోజూ అంటారు. క్వెట్టాలో ఆ క్యూ ఏ వీధిలో ఉందో చెబితే మా ఆవిడ వెళ్ళి నిలబడుతుంది.”

లేచి వెళ్ళి రేడియో కట్టేశాను. “ఏమయ్యింది?” అన్నాడు మా ఆయన. ఏమీ కాలేదన్నాను.

మరుసటి సంవత్సరం ఎన్నికలొచ్చాయి. టీవీ పెడితే పడవలే, పేపరు తీస్తే పడవలే. రెండు పెద్ద పార్టీలూ ఎవరు ఎక్కువ కఠినంగా ఉంటారో అని పోటీపడ్డాయి. ఆ రోజుల్లోనే ఒక తెలుగు డాక్టర్ అంకుల్ మమ్మల్ని ఇంటికి బార్బెక్యూకి పిలిచారు. ఆయన ఇరవై ఏళ్ళనుంచి ఇక్కడే ఉన్న గుంటూరు మనిషి. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ పెద్దదిక్కు. నాకు మొదటి ఇల్లు చూపించింది కూడా ఆయనే. పొయ్యి చుట్టూ ఎక్కువగా మాలాంటి సాఫ్ట్‌వేర్‌వాళ్ళే ఉన్నారు.

“గవర్నమెంట్ చేసేది హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్ అండీ. మనం ప్రాపర్‌గా అప్లై చేసి, క్యూలో నుంచుని వచ్చాం. వీళ్ళు పడవెక్కి వచ్చేస్తే ఊరుకుంటారా?” అన్నారు అంకుల్, చికెన్ తిప్పుతూ.

“రేపు వీళ్ళ వల్ల మన మీద కూడా పడతారు,” అన్నాడొకడు. “మన కలర్ చూసి మనమూ వాళ్ళే అనుకుంటారు.”

నేను ఉండబట్టలేకపోయాను. “ఏ క్యూ అంకుల్? నాకు ఏ క్యూ కనపడలేదు. ఇక్కడ ప్రోగ్రామర్లు తక్కువయ్యారు కాబట్టి రమ్మన్నారు. అంతే.”

“అది మెరిట్ అమ్మా.”

“మెరిటా? అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి ఐదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ అని రాయించుకున్నవాళ్ళు ఈ పొయ్యి చుట్టూ ఎంతమంది ఉన్నారో అడగమంటారా? ప్రాణం మీదికొచ్చి పడవెక్కినాయన అబద్ధం చెప్పలా. ఉద్యోగం కోసం విమానమెక్కిన మనవాళ్ళు చెప్పినారు.”

ఒకాయన ప్లేటు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆంటీ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, “పాలిటిక్స్ వదిలెయ్యమ్మా, అన్నం తిను,” అంది. నేను తినలేదు.

కారు నడుపుతూ మా ఆయన, “ఆ పెద్దాయన మనకెంత చేసినాడు, అందరి ముందరా అట్లా అనేదేనా?” అన్నాడు.

“ఆయన చేసిన సాయం కాదనలేదు. ఆయనన్న మాట తప్పు.”

“అందరికీ కోపం తెప్పించినావు పో.”

“రానీ. నాకొచ్చిన దాంట్లో సగమన్నా రానీ.”

ఆ తర్వాత మాకు పిలుపులు తగ్గిపోయాయి. పోతే పోయాయి.

ఎన్నికలకి ముందు మా పేటలోని హాల్లో అధికార పార్టీ అభ్యర్థి ఒకాయన జనంతో ముఖాముఖి పెట్టాడు. మాస్టర్‌సాబ్ వస్తానన్నాడు. ఒక ప్రశ్న అడగాలని, దాన్ని ఇంగ్లీషులో తయారుచేసుకున్నాడు. మా బల్ల దగ్గర ఎన్నోసార్లు అప్పజెప్పాడు. కోటు అరువు తెచ్చుకుని, గడ్డం నున్నగా చేసుకుని వచ్చాడు. హాల్లో లేచి నిలబడి, మైకు రెండు చేతులతో పట్టుకుని, తప్పు లేకుండా అడిగాడు. “సర్, మీ ప్రభుత్వం నేను చెప్పింది నిజమని నమ్మింది. అయితే నా కూతుళ్ళకి తండ్రి దగ్గర ఉండే అనుమతి ఎందుకు లేదు?”

అభ్యర్థి చక్కగా నవ్వాడు. “మీ ఇంగ్లీషు చాలా బాగుంది,” అన్నాడు. ఈ దేశం ఎంత ఉదారమైనదో, సరిహద్దుల రక్షణ ఎంత ముఖ్యమో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. కూతుళ్ళ మాట ఎత్తనే లేదు. నేను లేచి, “ఆయన అడిగినదానికి జవాబు చెప్పండి,” అని అరిచాను. మైకు లేకపోయినా నా గొంతు హాలంతా వినిపించింది. సభ నడిపే ఆవిడ, తరువాతి ప్రశ్న చెత్త బుట్టల గురించి అంది. వెనక వరసలోంచి ఎవరో, “గో హోమ్, లవ్,” అన్నారు. ఇక్కడ ‘లవ్’ అంటే ‘అమ్మాయ్’ అన్నట్టే. నేను ఆ పేటలోనే పన్ను కడుతున్నాను. నా ఇల్లు రెండు వీధుల అవతల ఉంది.

బయటికొచ్చాక మాస్టర్‌సాబ్ నన్నే ఓదార్చాడు. “పోనీలెండి బాజీ. ఇంగ్లీషు బాగుందన్నాడు కదా, అది మీ గొప్పే.” ఆ మాటతో నా కోపం రెట్టింపైంది. ఆయన కోప్పడలేడు. కోప్పడితే వీసాకి ఏమవుతుందో అని భయం. ఆయన బదులు కూడా నేనే కోప్పడ్డాను.

నేను పౌరసత్వ ప్రమాణం చేసింది ఆ రోజుల్లోనే. మేయరు కొత్త పౌరులందరికీ ఇచ్చినట్టే ఒక చిన్న మొక్క చేతిలో పెట్టాడు. మాస్టర్‌సాబ్ మిఠాయి తెచ్చి అభినందించాడు.

ఆయన వీసాకి మూడేళ్ళు నిండాయి. ఈలోగా తాలిబాన్ల ప్రభుత్వం కూలిపోయింది. ఇప్పుడు మీ దేశం క్షేమంగా ఉంది, మళ్ళీ మొదటినుంచి రుజువు చేసుకో అన్నారు ఇమిగ్రేషన్‌వాళ్ళు. అదే కథ, అదే తమ్ముడు, అవే ప్రశ్నలు, కొత్త అధికారి. మొదట దరఖాస్తు కొట్టేశారు. అప్పీలుకి వెళ్ళాడు. నేను దుబాసీగా కూర్చోకూడదన్నారు కానీ బయట బెంచీ మీద కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కూర్చున్నాను. మా ఆయన సెలవు పెట్టి, అడక్కుండానే, మమ్మల్ని కారులో తీసుకెళ్ళాడు.

చివరికి శాశ్వత వీసా వచ్చింది. మాస్టర్‌సాబ్ మా గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. వెంటనే కుటుంబానికి దరఖాస్తు పెట్టాడు. అది మళ్ళీ ఎంతో కాలం నడిచింది. భార్యకీ చిన్న కూతురికీ ఒప్పుకున్నారు. పెద్దమ్మాయికి ఒప్పుకోలేదు. ఆయన పడవెక్కినప్పుడు జడలేసుకున్న పిల్ల. ఎదురుచూసిన ఏళ్ళలో పద్దెనిమిది దాటింది. తండ్రి పంపేది చాలక, తల్లినీ చెల్లెలినీ పోషించడానికి క్వెట్టాలో ఒక చిన్న బళ్ళో పాఠాలు చెబుతోంది. సొంతంగా సంపాదిస్తోంది కాబట్టి ఆమె తండ్రి మీద ఆధారపడిన బిడ్డ కాదట.

తండ్రిని రానివ్వకుండా, తండ్రి దగ్గరికి పోనివ్వకుండా ఆ పిల్లని సంపాదనలోకి తోసిందే వీళ్ళు. సంపాదిస్తున్నావు కాబట్టి నువ్వు పిల్లవి కావన్నదీ వీళ్ళే.

విమానాశ్రయానికి నేనూ మా ఆయనా వెళ్ళాం. మాస్టర్‌సాబ్ రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. గాజు తలుపులు తెరుచుకుని భార్య వచ్చింది, చిన్నమ్మాయి వచ్చింది. చిన్నమ్మాయి తండ్రిని గుర్తుపట్టక తల్లి వెనక నిలబడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తన పేరు చెప్పుకున్నాడు. కన్నకూతురికి.

కాసేపటికి ఆవిడ నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఈవిడే ఇంగ్లీషు నేర్పిన బాజీ అని భర్త చెప్పాడు. ఆవిడ నా మొహంలోకి చూస్తూ ఉర్దూలో, “మీకు చట్టాలు తెలుసంటగా బాజీ, పెద్దది ఎప్పుడొస్తుంది?” అని అడిగింది.

ఈ దేశపు పౌరురాలిని. ఓటున్నదాన్ని. “ముందు ఇంటికెళదాం, పదండి,” అని పెట్టె అందుకున్నాను. వాళ్ళ సామానంతా ఆ ఒక్క పెట్టే.

తర్వాత వాళ్ళు ఊరి అంచునున్న క్రాన్‌బర్న్ వెళ్ళిపోయారు. ఆయన అక్కడ సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెబుతాడు. పెద్దమ్మాయికి క్వెట్టాలోనే పెళ్ళయింది. తండ్రి ఆ పెళ్ళి ఫోన్లో విన్నాడు. ఈ కథ ఎక్కడ చెప్పినా ఎవరో ఒకరు, పోనీలెండి, ముగ్గురైనా కలిశారుగా అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. వాళ్ళు నలుగురు.