పూడిన కుంటలో గోబిగడ్డ

సూర్యాపేటలో మా అత్తగారింటి వెనుక పెరడు పూర్వం ఒక చిన్న కుంట అట. నేను కాపురానికి వచ్చేసరికే అది ఎప్పుడో పూడిపోయింది. ఊరి చుట్టూ ఎర్రటి చెల్కలు. పార తగిలితే చాలు, పొలపొలా రాలే నేల. మా పెరట్లో మాత్రం నల్లటి జిగట మన్ను. వాన పడితే కాలు పెట్టనిచ్చేది కాదు, ఎండ కాస్తే గడ్డపార దిగనిచ్చేది కాదు. తుమ్మమొక్కలు తప్ప అందులో ఏదీ మొలవగా నేను చూడలేదు. ఆ నేలను దారికి తెచ్చి గోబిగడ్డ పండించింది మా అత్తమ్మ. పక్కనే ఉండి పార పట్టినదాన్ని నేను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఏడాది నాకు నిన్నటిలా గుర్తుంది.

రజాకార్ల గొడవలు ముదిరిన రోజుల్లో మేం ఇల్లు వదిలి, అవసరమైతే సరిహద్దు దాటొచ్చని కోదాడ వెళ్ళాం. అత్తమ్మ, మామయ్య, మా ఆయన, నేను. అక్కడ మిషన్ బడిలో పనిచేసే ఒక టీచరమ్మ తన ఇంటి వసారా మాకు ఇచ్చింది. ఆ వసారాలోనే మామయ్య జ్వరమొచ్చి పోయాడు. సొంత ఊళ్ళో కాదు, సొంత ఇంట్లో కాదు. ఆ తర్వాత అత్తమ్మ మాట్లాడడం దాదాపు మానేసింది. అన్నం పెడితే తినేది. లేకపోతే లేదు. పొద్దస్తమానం టీచరమ్మ దొడ్లో ఒక గట్టు మీద కూర్చునేది.

ఆ దొడ్లోనే మేమిద్దరం మొదటిసారి క్యాబేజీని, మా వైపు మాటలో గోబిగడ్డను, చూశాం. ఆకులన్నీ ఒకదాన్నొకటి కప్పుకొని, లోపల దేన్నో దాచుకున్నట్టు ఉండే ఆ గుండ్రటి గడ్డ ముందు అత్తమ్మ గంటలకొద్దీ కూర్చునేది. ఒకరోజు ఉన్నట్టుండి, "దీని లోపట ఏముంటది?" అంది. ఎన్నో రోజుల తర్వాత ఆమె నోటివెంట వచ్చిన మాట అది.

టీచరమ్మ నవ్వి ఒక గడ్డ కోసి చేతిలో పెట్టింది. "మీరే విప్పి చూడండమ్మా," అంది. అత్తమ్మ ఒక్కో ఆకూ తీసింది. ఆకు కింద ఆకు. చివరికి వేలెడంత తెల్లటి మొలక మిగిలింది. "ఏం లేదు! అంత ఆకే!" అని అత్తమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. మోసపోయినట్టు కాదు, గుడిలో హారతి చూసినట్టు.

సైన్యం వచ్చి ఊళ్ళు కుదుటపడ్డాక తిరుగు ప్రయాణమయ్యాం. టీచరమ్మ ఒక గుడ్డముక్కలో ఆవగింజల్లాంటి విత్తనాలు మూటకట్టి ఇచ్చింది. "చలికాలానికి వేసుకోండి. దీని వేరు లోతుకు దిగాలి, నీళ్ళు నిలవకూడదు. అలాగని నేల మరీ గుల్లగా ఉన్నా గడ్డ కట్టదండీ, ఆకులు విప్పుకొని కూర్చుంటుంది," అని జాగ్రత్తలు చెప్పింది.

ఇంటికి వచ్చి చూస్తే తలుపులు లేవు. మేం లేనప్పుడు ఎవరెవరో బండ్లు తెచ్చి పెరట్లో నిలిపారట. వానల్లో ఎడ్లు తొక్కీ తొక్కీ నేల కళ్ళంలా బిగుసుకుపోయింది. మా ఆయన తలుపుల కోసం వడ్రంగి చుట్టూ తిరుగుతుంటే అత్తమ్మ పార తీసుకుని పెరట్లోకి దిగింది.

అప్పుడే ముసురు పట్టి వదిలింది. తడి నేల కదా, తేలిగ్గా తెగుతుందనుకున్నాం. తెగింది, నిజమే. కానీ తెగిన ప్రతి పెడ్డా సబ్బుబిళ్ళలా నున్నగా మెరిసింది. మన్ను పారకు అంటుకుని వదల్లేదు. పాదాలకు పట్టి, నడిస్తే కాళ్ళకు రాళ్ళు కట్టుకున్నట్టుండేది. ఎలాగో మడి చేసి, సగం విత్తనాలతో నారు పోసి నాటాం. వారం తిరిగేసరికి మడి ఎండి ఇటుకయింది. మొక్కలు ఊదారంగుకు తిరిగి, పసుపు పచ్చబడి, చచ్చిపోయాయి.

అత్తమ్మ ఒక మొక్క పీకి చూసింది. వేరు వేలెడు లోతుకు దిగి, అక్కడ గోడ తగిలినట్టు పక్కకు మళ్ళింది.

"ఏరుకు తొవ్వ దొరకలే బిడ్డా," అంది. "మనం తొవ్వ మూసినం. తడిమీద ముట్టుకోవద్దుండె."

మా ఆయన ఆమె బాధ చూడలేక, "ఇడ్సిపెట్టవే అమ్మా. పట్నం పోయినప్పుడు పత్తాగోబీ నేనే కొనుక్కొస్త," అన్నాడు.

"కొనుక్కొస్తె తింటం. గని గీ మన్ను గిట్లనే ఉంటది కద," అంది అత్తమ్మ. ఆ మాటతో ఆమె మనసు గోబిగడ్డ మీద ఎంత ఉందో నేల మీదా అంతే ఉందని నాకర్థమైంది.

ఎండాకాలం వచ్చింది. పెరడంతా నెర్రెలు విచ్చింది. ఒక ఉదయం అత్తమ్మ నన్ను కేకేసి, ఒక నెర్రె పక్కన కూర్చోబెట్టి, "చెయ్యి పెట్టు," అంది. భయంభయంగా పెట్టాను. మోచేయి దాటి పోయింది. పైన నేల కాలుతోంది. లోపల చల్లగా, తల్లి కడుపులోలా చల్లగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. నెర్రెలోకి బిందెడు నీళ్ళు పోసింది అత్తమ్మ. చప్పుడు లేకుండా మాయమయ్యాయి.

"సూసినవా? మనం తియ్యలేని తొవ్వ అదే తీసుకున్నది."

ఇక ఆ నెర్రెల వెంటే పని మొదలుపెట్టాం. గడ్డపార నెర్రెలోకి దించి, ఇద్దరం బరువు వేసి వంచితే, పెద్ద పెద్ద పెడ్డలు కూసాలు కదిలినట్టు లేచేవి. ఎండ ముదరకముందే పని ఆపేవాళ్ళం. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ పెడ్డలను పగలగొడదామని నేను సమ్మెట తెస్తే అత్తమ్మ వద్దంది.

"జర ఆగు. వాన ఏం జేస్తదో సూద్దాం."

"వానకు మళ్ళ బురద అయితది అత్తమ్మా!"

"అయితె అయితది. సూద్దాం."

ఆమెకు ముందే తెలిసి చెప్పిన మాట కాదది. ఆమె కూడా నాలాగే ఎదురుచూస్తోంది. రోహిణి కార్తె ఎండలో పెరడంతా నల్లరాళ్ళు కుప్పపోసినట్టు పడి ఉంది. చూసినవాళ్ళు మా ఇద్దరికీ మతి చలించిందనుకుని ఉంటారు.

మృగశిర మొదటి వాన మధ్యాహ్నం పడింది. ఇద్దరం వెనుక తలుపు దగ్గర నిలబడ్డాం. చినుకులు పడుతుంటే పెడ్డల్లోంచి సన్నగా చిటపట చప్పుడు వినిపించింది, వేడి మూకుట్లో ఆవాలు పడ్డట్టు. వాన ఆగాక వెళ్ళి చూశాం. నేను ఎత్తలేకపోయిన పెడ్డను అత్తమ్మ కాలి బొటనవేలితో తాకింది. అది అలాగే విచ్చుకుని, అటుకుల్లా, రవ్వలా, నిశ్శబ్దంగా కూలిపోయింది. ఇంకొకటి తాకింది. అదీ అంతే. గడ్డపారకు లొంగనిది చినుకుకు లొంగింది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అత్తమ్మ చటుక్కున వంగి నేలకు దండం పెట్టింది. నేనూ పెట్టాను. నవ్వు రాలేదు నాకు.

తర్వాత దాన్ని మళ్ళీ ముద్దకానీయకుండా చూడడమే పని. మిర్యాలగూడలో మా పుట్టింటివాళ్ళకు రైసుమిల్లు ఉండేది. కబురు పెడితే మా నాయిన ఊక, ఊక బూడిద బండికెత్తించి తానే వెంట వచ్చాడు. గుమ్మంలోనే, "ఎవల బిడ్డలైన చీర తెమ్మంటరు. నా బిడ్డ ఊక తెమ్మన్నది!" అని గొల్లున నవ్వాడు. అత్తమ్మ కూడా నవ్వింది. మామయ్య పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. మా ఆయన తలుపు చాటుకు వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆత్మకూరు వైపు గొర్లకాపరి దొడ్డి నుంచి పెంట తెచ్చాం. ఊరి బయటి చెల్క నుంచి గరుకు మన్ను గంపలతో మోశాం. వాన తెరిపినిచ్చి మన్ను చేతికి అంటకుండా ఉన్నప్పుడే అన్నీ కలిపేవాళ్ళం. పిడికెడు తీసి నొక్కితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అలా ఉన్న రోజే పని, లేని రోజు సెలవు. నీళ్ళు జారిపోయేలా మడులు ఎత్తుగా పోసి, నడుమ కాలువలు తీశాం. మడి మీద కాలు పెట్టకుండా కాలువల్లోనే నడిచేవాళ్ళం.

ఒక ముసురు రోజు మడిలో చెయ్యి పెడితే వానపాము తగిలింది. ఎర్రగా, బలంగా, వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. ఇంకొంచెం తవ్వితే ఇంకొకటి. అంతకుముందు ఆ పెరట్లో ఒక్కటి కూడా కనిపించలేదు.

"ఏడికెళ్ళి వచ్చినయి అత్తమ్మా? ఎవలు తెచ్చిండ్రు?"

"ఎవలు తెస్తరే? ఇల్లు మంచిగుంటె సుట్టాలు వస్తరు."

వానలు వెనకబట్టాక మిగిలిన విత్తనాలతో నారు పోశాం. నాటే ముందురోజు అత్తమ్మ నన్ను మడి ఎక్కి తొక్కమంది. నేను నమ్మలేకపోయాను. వానాకాలమంతా కాలు పెట్టకుండా కాపాడిన మడి!

"ఇన్ని దినాలు మెత్తగజేసి ఇప్పుడు తొక్కుడా?"

"టీచరమ్మ ఏం జెప్పింది? గుల్లగుంటె గడ్డ కట్టదన్నది కద. మెల్లగ, మడమల మీద నడువు. ఎడ్ల తీరు కాదు, పిల్లి తీరు."

ఇద్దరం చేతులు పట్టుకుని, చీరలు ఎత్తి దోపుకుని, మడుల మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాం. నేల మా కింద కొంచెం దిగి, మమ్మల్ని ఆపింది. మెత్తగా ఉంటూనే మోసింది. అలాంటి నేల మీద నేను మళ్ళీ ఎప్పుడూ నడవలేదు.

నాటిన మొక్కలు ఈసారి నీలిపచ్చగా లేచాయి. పురుగు పట్టినప్పుడు పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లాం. కార్తీకం దాటాక ఒక ఉదయం నడిమి ఆకులు లోపలికి వంగడం కనిపించింది. అరచేతులు దగ్గరికి తెచ్చినట్టు. రోజూ చూసేదాన్ని. రోజూ కొంచెం మూసుకునేవి, కానీ మూసుకుంటుండగా ఎన్నడూ దొరకలేదు. చలి ముదిరేసరికి గడ్డలు బిగిసి, వేలితో కొడితే టంగుమనేవి. వీధివాళ్ళంతా చూడడానికి వచ్చారు. ఒక ముసలామె చుట్టూ తిరిగి చూసి, "ఇది పువ్వా, కాయా?" అంది.

"ఆకే అక్కా, అంత ఆకే," అంది అత్తమ్మ ఎంతో గొప్పగా.

మొదటి గడ్డ కోసి శనగపప్పు వేసి వండాను. జొన్నరొట్టెతో తిన్నాం. మా ఆయన మారు అడిగి తిన్నాడు. తక్కినవి వీధిలో పంచాం. కోసిన మోళ్ళను పీకుదామని నేను వెళ్తే, మన్నులో ఇంకా బలం ఉందేమో, కొన్నాళ్ళు ఉండనీ అంది అత్తమ్మ. ఆ మాట మరిచిపోయి ఊరికి వెళ్ళాను. మిర్యాలగూడ నుంచి తిరిగి వచ్చేసరికి అత్తమ్మ వాకిట్లోనే నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది.

కోసిన ప్రతి మోడు చుట్టూ, నిమ్మకాయలంత చిన్న చిన్న గోబిగడ్డలు, గుంపులు గుంపులుగా కాసి ఉన్నాయి.